ఈ వారం సమస్య (ఇదే చివరి పాదంగా పద్యం పూర్తి చేయాలి; పాల్గొన్నవారిని ఊరి పేర్లతో చూపాం): అంతు లేనట్టి సంఖ్యల కంతు దొరికె

నెల్లూరు (నిర్వహణ): ఛందస్సు తేటగీతి, వస్తువు గణితంలోని సంఖ్యా సిద్ధాంతం. అంతులేనిదానికి అంతు ఎలా దొరికిందో పద్యంలోనే తేలాలి.

కావలి:
పెన్న యిసుకను లెక్కించు పిన్నవాఁడు
కన్ను మూయఁగ లెక్కలు కరిగిపోయె
నిద్దురం జూచి తల్లియు నిట్టు లనియె
నంతు లేనట్టి సంఖ్యల కంతు దొరికె

నెల్లూరు: ఎత్తుగడ ముచ్చటగా ఉందమ్మా, పెన్న ఇసుక కళ్ళకు కట్టింది. అయితే పసివాడి విషయంలో "కన్ను మూయఁగ" వద్దు, అమంగళం ధ్వనిస్తుంది. "కునుకు పట్టఁగ లెక్కలు కుదురు చెడియె" అంటే యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షర మైత్రి) నిలుస్తుంది. ఇక్కడ అంతు దొరికింది పిల్లవాడి ఓపికకే, సంఖ్యలకు కాదు.

కావలి: సవరణ శిరోధార్యం మాస్టారూ.

చీమకుర్తి:
ఘాత మాఱవ దైనవి గలిపి చూడ
డెబ్బదియు మూఁడు చాలును నిబ్బరముగ
ననుచుఁ బిళ్ళయి ఋజువీయ నవనిలోన
నంతు లేనట్టి సంఖ్యల కంతు దొరికె

గణితవేత్త ఎస్. ఎస్. పిళ్ళై (1901–1950) గురించి రాశాను. ఎంత పెద్ద సంఖ్యనైనా ఆరో ఘాతాల (ఒక సంఖ్యను ఆరుసార్లు వేసి గుణిస్తే వచ్చేవాటి) మొత్తంగా రాయడానికి అలాంటివి 73 చాలని ఆయన 1940లో నిరూపించారు.

నెల్లూరు: "డెబ్బది"కి "నిబ్బరము"తో ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాల పొత్తు), భేష్! సమస్య ఇప్పుడు తీరింది. 72 ఎందుకు చాలదో మాత్రం పద్యంలో రాలేదు.

ఒంగోలు: లెక్కల మాస్టారిగా నేను చెబుతాను. 703 తీసుకోండి. ఆరో ఘాతాలు 1, 64, 729. 729 పెద్దది, పనికిరాదు. 64లు పది వేస్తే 640, మిగిలిన 63కూ ఒకట్లే గతి. పదీ అరవైమూడూ కలిస్తే 73, ఒక్కటి కూడా తగ్గదు. పిళ్ళై గారు చేసిన అసలు కష్టం, మరే సంఖ్యకూ ఇంతకు మించి అక్కర్లేదని చూపడం. చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. అమెరికాలో గణిత మహాసభకు బయలుదేరి, 1950 ఆగస్టు 31న కైరో దగ్గర విమాన ప్రమాదంలో పోయారు. అప్పటికి ఆయనకు యాభై కూడా నిండలేదు.

చీమకుర్తి: 703 సంగతి తెలియదు మాస్టారూ. దాన్ని సీస పద్యంలో పెట్టి చూస్తాను.

ఒంగోలు: పెట్టమ్మా. ఇంకో విశేషం, ఐదో ఘాతానికి 37 అని 1964లో చైనా గణితవేత్త చెన్ జింగ్‌రన్ తేల్చారు. నాలుగో ఘాతానికి 19 అని తేలింది 1986లో, అందులో మన దేశపు బాలసుబ్రమణియన్ గారి పాలుంది. చిన్న ఘాతమే ఎక్కువ సతాయించింది.

నెల్లూరు: అయితే వచ్చే వారం సమస్య దొరికేసింది, తేటగీతిలోనే:
నాల్గు కన్నను ముందుగా నాఱు వచ్చె