ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్: 'మరచిపోలేని ప్రయాణం' కార్డుకు రెండు నిమిషాలు ఎట్ల మాట్లాడాలె?

క్లాక్‌టవర్_నల్లగొండ

అన్నలూ, అక్కలూ, వచ్చే నెల ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) ఉంది. స్పీకింగ్ రెండో భాగంల 'డిస్క్రైబ్ ఎ మెమొరబుల్ జర్నీ' కార్డు ప్రాక్టీస్ చేస్తున్న. కార్డు మీద నాలుగు ప్రశ్నలు: ఎక్కడికి పోయినవ్, ఎట్ల పోయినవ్, ఎవరితోని పోయినవ్, ఎందుకు గుర్తుండిపోయింది. నాలుగిటికీ జవాబు చెప్పేసరికి ఫోన్ల టైమర్ 50 సెకండ్లే చూపిస్తది. ఆ తర్వాత నోట్లకెళ్లి మాట రాదు.

చెప్పనీకి రెండున్నయి. దసరాకు రెండు ఫ్యామిలీలం నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగ శ్రీశైలం కార్ల పోయింది ఒకటి. డిండిల చాయ్‌కు ఆగి లేటైంది, మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు మూసేస్తే ఒక్క దుప్పటితోని రాత్రంత కార్లనే ఆగుడైంది. రెండోది సాగర్ నుంచి నాగార్జునకొండకు లాంచీ. ఏది చెప్తే మార్కులొస్తయి? జరగనిది కలిపి చెప్పొచ్చా? ముందిచ్చే ఒక్క నిమిషంల ఏం రాసుకోవాలె?

నల్లమల_బాట

తమ్మీ, మన్ననూరు గేటు చేతిల పెట్టుకొని ఏది చెప్పాలె అని అడుగుతున్నవా? అదే చెప్పు.

ముందు కార్డు సరిగ్గ చదువు. అండ్ల 'జర్నీ' అని ఉంది. జర్నీ అంటే దారి. మనోళ్లు ఎక్కువ మంది ఏం చేస్తరంటే, "శ్రీశైలం పోయినం, దర్శనం చేసుకున్నం, డ్యామ్ చూసినం, మస్తు ఎంజాయ్ చేసినం" అని ఊరి గురించి చెప్తరు. బండి ఎక్కుడు, దిగుడు తప్ప మధ్యల ఏముండదు. 50 సెకండ్లకు బండి ఆగేది అందుకే. గుడిని ఒక్క వాక్యంల వదిలెయ్. మిగతాదంత రోడ్డు మీద ఉండాలె.

లెక్క చూడు. మొత్తం స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు. అండ్ల రెండో భాగం 3 నుంచి 4 నిమిషాలు: ఒక నిమిషం తయారీ, ఆ తర్వాత ఒకటి నుంచి రెండు నిమిషాలు నీ మాట. తొందర పడకుంట మాట్లాడితే నిమిషానికి 110, 120 మాటలొస్తయి. రెండు నిమిషాలంటే 230 చిల్లర, పన్నెండు మాటల వాక్యాలైతే ఇరవై. అంతే. ఇరవై వాక్యాలకు నువ్వు నాలుగు ప్రశ్నలను నాలుగు సమాన ముక్కలు చెయ్యొద్దు. ఎప్పుడు, ఎవరితోని, ఎందుకు బయలుదేరినం అన్నది 20 సెకండ్ల ముగించు. గేటు దాక రోడ్డు 25 సెకండ్లు. గేటు దగ్గర రాత్రి 45 సెకండ్లు, ఇదే గుండెకాయ. తెల్లారి అడవి 20. చివరి పదిల ఎందుకు గుర్తుందో చెప్పు.

ఆ ఒక్క నిమిషంల వాక్యాలు రాయకు. పెన్సిలు, కాగితం వాళ్లే ఇస్తరు. వాక్యం రాయబోతే రెండు రాసేసరికి నిమిషం అయిపోతది, తర్వాత ఆ రెండు చదివి ఆగిపోతవ్. పది పన్నెండు మాటలు పైనుంచి కిందికి రాయి, దారిల ఊళ్లు వచ్చిన వరుసల్నే. నీదానికి గిట్ల:

దసరా, రెండు ఫ్యామిలీలు
డిండి, చాయ్, లేట్
హాజీపూర్ 8.40
గేట్ 9
కార్ల నిద్ర, దుప్పటి ఒక్కటే
చలి, డ్రైవర్ల ముచ్చట్లు
6 గంటలు, పొగమంచు, కోతులు
దోమలపెంట
డ్యామ్

ఈ కాగితంల గడియారం ఎట్ల పనిచేస్తుందో చూడు. రాత్రి 9కి గేటు మూస్తరు, పొద్దున 6కి తీస్తరు. పులుల అడవి గదా, రాత్రి బండ్లు తిరగొద్దు. ఈ సంగతి ముందే ఒక్క వాక్యంల చెప్పి, తర్వాత "హాజీపూర్ దాటేసరికి 8.40" అన్నవనుకో, వినేటోళ్లకు తెలుస్తనే ఉంటది ఏదో కాబోతుందని. అప్పుడు నువ్వు మాటల కోసం ఎతుక్కోవు, కథే గుంజుకపోతది.

దోమలపెంటను మాత్రం ఇడువకు. పెంట అంటే నల్లమలల చెంచుల గూడెం. "వి పాస్ట్ ఎ విలేజ్ హూజ్ నేమ్ మీన్స్ మస్కిటో హ్యామ్లెట్" అంటే ఒక్క వాక్యంల నవ్వూ వస్తది, 'హూజ్' తోని పెద్ద వాక్యమూ పడ్తది. పక్కనే ఈగలపెంట కూడ ఉంది గాని రెండూ చెప్తే అతి అయితది.

పాలమూరు_వ్యాకరణం

పై సలహా బాగుంది. వ్యాకరణం సంగతి నేను చెప్తా. మార్కులు నాలుగింటికి సమానంగా వేస్తారు: ధారాళంగా పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. ప్రయాణం కార్డులో వ్యాకరణం దెబ్బతినేది కాలాల దగ్గరే.

తెలుగులో 'అప్పటికే' అన్న మాట ఎక్కడ వస్తుందో ఇంగ్లిష్‌లో అక్కడ 'హ్యాడ్' కావాలి. "మేం పోయేసరికి అప్పటికే గేటు మూసేశారు": "బై ద టైమ్ వి రీచ్డ్ మన్ననూర్, దే హ్యాడ్ క్లోజ్డ్ ద గేట్." ఇలాంటివి రెండు చాలు, ప్రతి వాక్యంలో 'హ్యాడ్' పెడితే మొత్తం గందరగోళమవుతుంది. 'పోతుంటే', 'పడుకుంటుండగా' వచ్చిన చోట 'వాజ్', 'వర్' పక్కన '-ఇంగ్': "వి వర్ డ్రింకింగ్ టీ వెన్ ద డ్రైవర్ లుక్డ్ ఎట్ హిజ్ వాచ్." మిగిలినదంతా మామూలు భూతకాలం. గతేడాది జరిగినదానికి "లాస్ట్ ఇయర్ వి హావ్ గాన్" అనకండి. 'లాస్ట్ ఇయర్' అన్నాక 'వెంట్' ఒక్కటే.

ఇంకొకటి జరుగుతుంది. కథ ఉషారెక్కే చోట నాలుక వర్తమానంలోకి జారుతుంది: "దెన్ ద గార్డ్ కమ్స్ అండ్ హి టెల్స్..." మనం తెలుగులో "గార్డు వస్తడు, అంటడు" అని చెప్పుకునే అలవాటు అది. మీది గేటు కథ కాబట్టి సరిగ్గా గార్డు దగ్గరే జారుతుంది, ఆ రెండు వాక్యాలూ ముందే నాలుగైదు సార్లు పైకి చెప్పుకోండి. "హి టోల్డ్ దట్" కూడా తప్పు. "హి టోల్డ్ అస్ దట్", లేదా "హి సెడ్ దట్".

తెలుగు వాసన కొట్టే ముక్కలు: "స్లోలీ స్లోలీ" (మెల్లమెల్లగా), "దేర్ ఓన్లీ వి స్లెప్ట్" (అక్కడ్నే పడుకున్నం), "రీచ్డ్ టు శ్రీశైలం", "కజిన్ బ్రదర్". 'రీచ్డ్' తర్వాత 'టు' అక్కర్లేదు. 'కజిన్' చాలు. "మై ట్రావెల్ వాజ్ గుడ్" అనరు, అక్కడ 'ట్రిప్' గానీ 'జర్నీ' గానీ ఉండాలి.

షార్ట్‌కట్_మిర్యాలగూడ

ఇంత కష్టం ఎందుకు బ్రో. నెట్‌ల బ్యాండ్ 9 (అన్నిట్ల పెద్ద మార్కు) ఆన్సర్లు దొరుకుతయి. ఇరవై కార్డులు బట్టీ కొట్టు, అయిపోతది.

సోమశిల_తీరం

బట్టీ కొట్టినది వెంటనే దొరికిపోతది తమ్మీ. మొదటి భాగంల "మీ ఊరు ఎట్లుంటది" అంటే తడుముకుంట చెప్పినోడు రెండో భాగం రాంగనే పుస్తకం చదివినట్టు వేగంగ, ఒకే రాగంల చెప్తే ఎవరికైనా తెలుస్తది. ఆ భాగాన్ని నీ ఇంగ్లిష్ కింద లెక్కపెట్టరు. మధ్యల ఒక్క మాట మరిచినవంటే వెనకటి వాక్యానికి పోయి మళ్ల ఎత్తుకోవాలె, అదింకా ఘోరం. "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" లాంటివి తెచ్చి అతికించుడు కూడ గంతే.

అసలు ప్రశ్న పెట్టిన తమ్మికి: జరగనిది కలపొచ్చు. నిజమా అబద్ధమా అని ఎవరూ చూడరు, చూసేది భాష. కాని ఎన్నడూ ఎక్కని విమానం గురించి చెప్పబోతే చిన్న చిన్న వివరాలకు మాటలు దొరకవు. కార్ల ఒక్కటే దుప్పటి ఉన్న సంగతి కల్పిస్తే రాదు. ఊళ్లు, తారీఖులు మార్చుకో, రోడ్డు మాత్రం తెలిసిన రోడ్డే ఉండాలె.

ఉచ్చారణల మనకు పెద్ద చిక్కు ఒకటుంది. రోడ్డు, కారు, బస్సు, గేటు: ఇవన్నీ ఎప్పుడో తెలుగు మాటలైపోయినయి, చివర 'ఉ' అంటుకొని. ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు కూడ నాలుక "గేటు వాజ్ క్లోజ్డు" అంటది. ప్రయాణం కార్డుల ఈ మాటలే పదిసార్లు వస్తయి. పొల్లు దగ్గరనే ఆగాలె: గేట్. రోడ్. కార్.

పైన 'రీచ్డ్' అని రాసిన్రు, రాతల సరే, నోట్ల అది 'రీచ్ట్'. 'స్టాప్ట్', 'వాక్ట్', 'లుక్ట్' కూడ అంతే. ప, క, చ, స లాంటి గాలి శబ్దాల తర్వాత '-ఈడీ' చిన్న 'ట్' అయితది. 'వెయిటెడ్', 'స్టార్టెడ్' లాంటి వాటికే చివర 'ఇడ్' వినపడాలె. "స్టాప్పెడ్", "వాక్కెడ్" అనుడు మానుకుంటే సగం బరువు దిగుతది. 'మెమొరబుల్' కూడ 'మెమ్‌రబుల్' లెక్క, మొదటి అక్షరం మీద ఊపు. యాస కోసం అమెరికా వాళ్ల లెక్క నోరు తిప్పొద్దు, మన యాసకు మార్కులు కొయ్యరు. అర్థమైతుందా లేదా అనే చూస్తరు.

మన మాటలు వాడొచ్చు. పేరు చెప్పు, చిన్నగ ఆగు, నాలుగు మాటల్ల విప్పు: "సర్వపిండి, ఎ స్పైసీ రైస్ ప్యాన్‌కేక్". 'ఘాట్ రోడ్' అంటే మనకే తెలుసు, "ఎ వైండింగ్ రోడ్ త్రూ ద హిల్స్" అను. ఒక్క టాక్‌ల ఇసొంటివి రెండు మించొద్దు. ఇంకోటి, మాట దొరకనప్పుడు నోట్ల నుంచి "అంటే..." అని జారుతది. దాని జాగాల "వాట్ ఐ రిమెంబర్ మోస్ట్ ఈజ్" పెట్టుకో.

క్లాక్‌టవర్_నల్లగొండ

అందరికీ థాంక్స్. ఇంకో డౌట్. రెండు నిమిషాలకు గేటు కథ పూర్తి కాకుంటే? మధ్యల ఆపేస్తే మార్కులు పోతయా?

సాగర్_కట్ట

పోవు. రెండు నిమిషాలు కాంగనే ఆపుడు వాళ్ల పని, అందరినీ ఆపుతరు. ఆపినంక "ఒక్క వాక్యం, సార్" అని బతిమాలకు. నువ్వే తొందరగ ఆగిపోతే "ఇంకేమన్న చెప్తవా" అని అడగొచ్చు, అప్పుడు కాగితం మీద మిగిలిన మాటను ఎత్తుకో. ఆ తర్వాత చిన్న ప్రశ్న ఒకటో రెండో ఉంటయి, వాటికి ఒకటి రెండు వాక్యాలు చాలు.

లాంచీని పూర్తిగ ఇడిసిపెట్టకు. 'నీళ్ల దగ్గర చూసిన జాగా' అని ఇంకో కార్డు వస్తది, దానికి దాచుకో. అక్కడొక ప్రమాదముంది. సాగర్ అనంగనే 1955ల నెహ్రూ శంకుస్థాపన, 26 గేట్లు అని మొదలుపెడ్తరు. అది గైడు మాట. ఒక్క సంగతే చాలు: లాంచీ పోయే నీళ్ల కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండె. డ్యామ్ నీళ్లు రాకముందే తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చిన్రు, ఆ కొండే ఇప్పుడు నీళ్ల నడుమ దీవి. "వి వర్ ఫ్లోటింగ్ ఓవర్ ఎ సిటీ." ఈ వాక్యం తర్వాత గేట్ల లెక్క ఎవరికి కావాలె.

గేటు కథ 'అనుకున్నదానికంటే ఆలస్యమైన ప్రయాణం' కార్డుకు కూడ పనికొస్తది. అప్పుడు ఎందుకు ఆలస్యమైందో ఎక్కువ చెప్పాలె, కాబట్టి డిండి చాయ్ పెద్దగైతది, తెల్లారి అడవి చిన్నగైతది. అదే టాక్ ఉన్నదున్నట్టు దించితే కార్డు అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి అయితది.

మూడో భాగం మరువకు, 4 నుంచి 5 నిమిషాలుంటది. జనం ప్రయాణాలు ఎందుకు చేస్తరు, సొంత కార్లు పెరిగితే ఏమైతది, ఇట్లాంటివి అడుగుతరు. అక్కడ మళ్ల మన్ననూరు ఎత్తకు. 'ఐ' తగ్గించి 'పీపుల్', 'ఫ్యామిలీస్' అని మాట్లాడు, కారణం ఒకటి, ఉదాహరణ ఒకటి.

క్లాక్‌టవర్_నల్లగొండ

ఇప్పుడే టైమర్ పెట్టి చెప్పిన. 1.40 వచ్చింది! మొదటి నాలుగు వాక్యాలు ఇవి, తప్పులుంటే చెప్పుండ్రి:

"లాస్ట్ దసరా, టూ ఫ్యామిలీస్ ఆఫ్ అస్ సెట్ ఆఫ్ ఫ్రమ్ నల్గొండ టు శ్రీశైలం ఇన్ వన్ కార్. ద రోడ్ గోస్ త్రూ ఎ టైగర్ రిజర్వ్, అండ్ ద గేట్ ఈజ్ క్లోజ్డ్ ఎట్ నైన్ ఎవ్రీ నైట్. వి హావ్ స్టాప్డ్ ఫర్ టీ ఎట్ డిండి, అండ్ నోబడీ లుక్డ్ ఎట్ ద టైమ్. వెన్ వి రీచ్డ్ మన్ననూర్, ద గేట్ హ్యాడ్ బీన్ క్లోజ్డ్ ఫర్ టెన్ మినిట్స్."

పాలమూరు_వ్యాకరణం

రెండో వాక్యంలో 'గోస్', 'ఈజ్' సరైనవే. గేటు ఇప్పటికీ రోజూ మూస్తారు కాబట్టి అక్కడ వర్తమానమే ఉండాలి, భయపడి మార్చకండి. మూడో దాంట్లో 'హావ్' తీసేసి "వి స్టాప్డ్ ఫర్ టీ" అనండి. నాలుగోది బాగా కుదిరింది, ముట్టుకోకండి.

సోమశిల_తీరం

'స్టాప్ట్' తమ్మీ, 'స్టాప్ట్'.