విదేశీ చదువు, రాక్ క్లైంబింగ్: ఒక్క సెమిస్టర్ అనుభవంతో బయటి కొండకు వెళ్లవచ్చా?

ప్రశ్న (కొత్త పట్టు):

మిత్రులకు నమస్కారం. నేను మాస్టర్స్ చదవడానికి విదేశానికి వచ్చి ఒక సెమిస్టర్ పూర్తయింది. ఇక్కడికి వచ్చేదాకా క్లైంబింగ్ అంటే ఏమిటో నాకు తెలియదు. వచ్చిన రెండో వారంలో, గదిలో ఒంటరిగా కూర్చోలేక, యూనివర్సిటీ క్లైంబింగ్ క్లబ్బు పరిచయ కార్యక్రమానికి వెళ్లాను. అప్పటినుంచి వారానికి రెండు సాయంత్రాలు ఇండోర్ గోడ దగ్గరే గడుస్తున్నాయి. బిలే (ఎక్కేవారి తాడును కిందినుంచి పట్టుకుని కాపాడటం) పరీక్ష పాసయ్యాను. టాప్ రోప్ మీద, అంటే ముందే పైనుంచి వేసి ఉంచిన తాడుతో, దారి కష్టాన్ని చెప్పే ఫ్రెంచ్ కొలతలో 6ఎ దాకా ఎక్కగలుగుతున్నాను.

వచ్చే నెల క్లబ్బు సభ్యులు రెండు రోజుల పాటు బయటి కొండకు వెళ్తున్నారు. నాకూ వెళ్లాలని ఉంది. అయితే వాళ్లు ఎక్కువగా స్థానిక భాషలోనే మాట్లాడుకుంటారు, నాకు ఆ భాష అంతంతమాత్రంగానే వచ్చు. విద్యార్థి బీమా ఇలాంటి ప్రమాదాలకు వర్తిస్తుందో లేదో పత్రం ఎన్నిసార్లు చదివినా అర్థం కావడం లేదు. పైగా పది రోజులుగా కుడిచేతి ఉంగరపు వేలి మొదట్లో, చిన్న పట్టు బిగించినప్పుడల్లా నొప్పి పుడుతోంది. ఆ ప్రయాణం ముగిసిన మూడు వారాలకు పరీక్షలు మొదలవుతాయి. వెళ్లడం మంచిదా, వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోవడం మంచిదా?

జవాబు (తాడు చివర):

నేను కూడా పైచదువుకు వెళ్లినప్పుడే ఈ అలవాటు పట్టుకున్నవాణ్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. భాష సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు గాని, అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది అదే. ఇంగ్లీషులో ‘టేక్’ అంటే తాడు బిగించి నా బరువు ఆపమని, ‘స్లాక్’ అంటే కాస్త వదలమని. ఫ్రెంచ్‌వారు బిగించమనడానికి ‘సెక్’ అని, వదలమనడానికి ‘మూ’ అని అరుస్తారు; జర్మన్‌లో ‘త్సు’ అంటే బిగించమని అర్థం. నా మొదటి ప్రయాణంలో పైనున్న భాగస్వామి ఇలాంటి పొట్టి మాట ఒకటి అరిస్తే, గాలిలో సగమే వినబడి, వదలమంటున్నాడనుకుని రెండు బారల తాడు వదిలాను. అతను అడిగింది బిగించమని. నమ్మి వెనక్కి వాలినవాడు కిందికి జారి, రాతి అంచు తగిలి మోచెయ్యి చీరుకుపోయింది. తప్పు నాదే, నేల మీద ఉండగానే మాటలు ఒప్పందం చేసుకోకపోవడం మా ఇద్దరిదీ.

కాబట్టి బయలుదేరేముందే నాలుగు మాటలు ఖాయం చేసుకోండి: బిగించు, వదులు, దించు, నేను తాడు మీద లేను. ఎవరి భాషలోనైనా సరే, ఆ రోజంతా అవే వాడాలి. మాట వినబడగానే కిందివారు దాన్ని తిరిగి పలికితే ఇంకా మంచిది.

రెండో విషయం తాడు పొడవు. ఇండోర్ గోడలు చాలా చోట్ల 12 నుంచి 15 మీటర్లే కాబట్టి తాడు చాలుతుందా అనే ఆలోచనే రాదు. బయట 35 మీటర్ల దారి ఉందనుకోండి, తాడు పైదాకా వెళ్లి మళ్లీ కిందికి రావాలి కాబట్టి, ఎక్కినవారిని కిందికి దించడానికి 70 మీటర్ల తాడు కావాలి. 60 మీటర్ల తాడుతో దించితే చివర బిలే పరికరంలోంచి జారిపోతుంది, పైనున్నవారు పడిపోతారు. అనుభవజ్ఞులకు కూడా జరిగే ప్రమాదమిది. పాత తాళ్ల చివరలు అరిగితే కత్తిరిస్తూ ఉంటారు గనుక 60 అని రాసి ఉన్న తాడు 60 ఉంటుందన్న భరోసా కూడా లేదు. కింది చివరన ముడి వేయండి, ప్రతిసారీ.

6ఎ గురించి కూడా ఒక మాట. గోడ మీద రంగు పట్టులు దారి చూపిస్తాయి, రాతి మీద కాలు పెట్టే చోటు మీరే వెతుక్కోవాలి. అందుకే అంకె ఒకటే అయినా బయట కష్టంగా తోస్తుంది. పైగా తాడు దారులకు చిన్న అక్షరంతో రాసే 6ఎ (అమెరికా కొలతలో దాదాపు 5.10ఎ), బౌల్డరింగ్‌లో (తాడు లేకుండా పొట్టి రాళ్లు ఎక్కడం) ఫాంటెన్‌బ్లో పద్ధతిలో పెద్ద అక్షరంతో రాసే 6ఎ ఒకటి కావు. రెండోది అమెరికా బౌల్డరింగ్ కొలతలో వి3తో సమానం, చాలా గట్టిది. ఈ తేడా తెలియక తొలిరోజే ముఖం మాడ్చుకున్నవారిలో నేనూ ఒకణ్ని.

జవాబు (వేళ్ల వైద్యం):

నేను ఫిజియోథెరపీ విద్యార్థిని. మీ వేలిని చూడకుండా ఇది ఫలానా గాయమని చెప్పలేను గాని, మీరు చెప్పిన చోటు, చెప్పిన తీరు క్లైంబర్లకు బాగా పరిచయమైనవే. వేలిని మడిచే టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) ఎముకకు అంటిపెట్టి ఉంచే పట్టీలను పుల్లీలంటారు. వేలి మొదట్లో ఉండే ఎ2 పుల్లీ, అందులోనూ ఉంగరపు వేలిది, ఎక్కువగా దెబ్బతింటుంది. సన్నని అంచు మీద వేలి కణుపులను నిటారుగా మడిచి, పైన బొటనవేలు నొక్కి పట్టే క్రింప్ పట్టులో దాని మీద పడే బరువు విపరీతంగా పెరుగుతుంది.

కొత్తవారికి ఇది ఎందుకు వస్తుందంటే, కండరాలు కొన్ని వారాల్లోనే బలపడతాయి, పుల్లీలకూ టెండన్లకూ నెలలు పడతాయి. అంటే మీ చేయి ఎక్కగలిగిన దారిని మీ వేలు ఇంకా మోయలేకపోతుంది. నొప్పి పుట్టించే పట్టులు ఇవాళే మానేసి, యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్‌తో తేలుతుంది. ‘టప్’మని శబ్దం వినబడి ఉంటే, వాపు వచ్చి ఉంటే ఒక్కరోజు కూడా ఆగవద్దు. ఎక్కడం మానేసి బిలే మాత్రం చేస్తానని అనుకుంటున్నారేమో. మీ బ్రేక్ చేయి (బిలేలో తాడును బిగించి ఆపే చేయి) కుడిదైతే అదీ కుదరదు. పడుతున్న మనిషిని పట్టి ఉంచవలసింది ఆ వేళ్లే.

జవాబు (మినహాయింపులు చదివేవాడు):

బీమా పత్రంలో వర్తించేవాటి జాబితా కాదు, మినహాయింపుల పేజీ చదవాలి. ‘ప్రమాదకర క్రీడలు’, ‘తాళ్ల సాయంతో ఎక్కడం’ లాంటి మాటలు అక్కడే దాక్కుని ఉంటాయి. ఇండోర్‌కు వర్తించి బయట వర్తించని పాలసీలున్నాయి. వైద్య ఖర్చులిచ్చి, కొండ మీదినుంచి హెలికాప్టర్‌లో దించే ఖర్చు ఇవ్వనివీ ఉన్నాయి. ఫోన్‌లో అడిగితే లాభం లేదు. ఇండోర్, బయట, కొండ మీది రక్షణ, మూడింటినీ విడివిడిగా రాసి ఈమెయిల్ పంపి, లిఖితపూర్వకంగా జవాబు తీసుకోండి. కొన్ని పర్వతారోహణ సంఘాల సభ్యత్వంలోనే రక్షణ ఖర్చుల బీమా కలిసి ఉంటుంది. 1862లో ఏర్పడిన ఆస్ట్రియా ఆల్పైన్ క్లబ్ అందుకు పేరుపొందింది. మీ క్లబ్బు అలాంటి సంఘానికి అనుబంధమేమో కనుక్కోండి.

బయటి కొండకు దాని నియమాలు దానికి ఉంటాయి. వాన కురిసిన ఇసుకరాయి ఎండేదాకా ఎక్కకూడదు, తడికి బలం తగ్గి పట్టులు విరుగుతాయి. జర్మనీలోని ఎల్బే ఇసుకరాతి కొండల్లో చేతి చెమట పీల్చడానికి రాసుకునే మెగ్నీషియా పొడి వాడకమే నిషేధం. కొత్త దేశంలో మనకు తెలియదని ఎవరూ మినహాయింపు ఇవ్వరు.

ప్రశ్న అడిగినవారు (కొత్త పట్టు):

అందరికీ ధన్యవాదాలు. బీమావారు ఇండోర్‌కు మాత్రమే వర్తిస్తుందని రాసి పంపారు. క్లబ్బు సభ్యత్వంలో కొండ రక్షణ కలిసి ఉందని కోశాధికారి కాగితం చూపించారు. అల్ట్రాసౌండ్‌లో పుల్లీ తెగలేదని, కొద్దిగా సాగిందని తేలింది, ఆరు వారాలు బరువు పెట్టవద్దన్నారు. నా బ్రేక్ చేయి కుడిదే. అందుకని ఎక్కడానికీ బిలేకూ కాకుండా ఊరికే తోడుగా వస్తానని ట్రిప్పు నాయకురాలికి చెప్పి, ఆ నాలుగు మాటల సంగతి కూడా ప్రస్తావించాను. ఆమె వాటిని రెండు భాషల్లో కాగితం మీద రాయించి అందరికీ పంచమన్నారు. ఎవరైనా నేల విడిచే ముందు తాడు చివర ముడి ఉందో లేదో చూడటం ఆ రెండు రోజులూ నా పని.