సప్లీ దగ్గరపడింది, నిద్ర పట్టట్లేదు. మీరెలా గట్టెక్కారు?

మూడో_బెంచీ:
బీటెక్ మూడో ఏడు, మెకానికల్. మ్యాథ్స్ రెండు, థర్మో ఒకటి బ్యాక్‌లాగ్ ఉన్నాయి. ఇంకో ఇరవై రోజుల్లో సప్లీ, అదే తప్పిన సబ్జెక్టులకి మళ్లీ పెట్టే పరీక్ష. పుస్తకం తెరిస్తే గుండె దడ, పడుకుంటే తెల్లవారుజాము దాకా కునుకు రాదు. నాన్నకి అన్నీ పాసయ్యానని చెప్పేశాను. సబ్జెక్టుల కంటే అదే ఎక్కువ తొలిచేస్తోంది.

హాస్టల్_చారు:
తమ్ముడూ, నాకు ఒకప్పుడు ఏడు ఉండేవి. ఏది ముందు పట్టుకోవాలో తెలియక ఏడూ ముట్టుకోలేదు. ఒక సీనియర్ పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని, మళ్లీ మళ్లీ వచ్చేవాటికి టిక్ పెట్టించాడు. మొత్తం సిలబస్ కాస్తా నాలుగు పేజీల లిస్టయింది. ఆ రాత్రే నిద్రపట్టింది! నువ్వు థర్మోతో మొదలుపెట్టు. స్టీమ్ టేబుల్స్, అదే ఆవిరి లెక్కల పట్టికలు, చూడటం వస్తే చాలా లెక్కలు దారికొస్తాయి. నైటౌట్లు మాత్రం వద్దు. నిద్ర లేకపోతే చదివింది బుర్రలో నిలవదు.

పాత_బ్యాచ్:
మా రోజుల్లో ఈ స్ట్రెస్ అనే మాటే లేదు. పొద్దున్నే గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టండి, అదే పోతుంది.

ఓరుగల్లు_పిల్ల:
అన్నా, మాట లేదేమో గానీ బాధ ఉండే ఉంటది. రౌండ్ల సంగతి మాత్రం ఒప్పుకుంట, నడిస్తే నాకూ తేలికైతది.
నా గోల అటెండెన్స్‌ది. డెంగీ వచ్చి 68 శాతానికి పడిపోయింది. డిటెండ్ చేస్తరని, అంటే పరీక్ష రాయనియ్యరని, నెలంతా ఏడ్చిన. తీరా రెగ్యులేషన్స్ చదివితే, 75 కి తగ్గినా 65 దాకా మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి కండోనేషన్, అంటే తగ్గిన హాజరుకి మినహాయింపు, అడగొచ్చని ఉంది. మీ యూనివర్సిటీవి ఒకసారి చూసుకోండి. నా భయంలో సగం రూల్ తెలవకనే.

గోదారి_గట్టు:
మూడో బెంచీ, దడ, నిద్రలేమి వారాల తరబడి ఉంటే 14416 కి చెయ్యి. టెలీ మానస్ అని కేంద్రం 2022లో పెట్టింది. డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి హలో అని పెట్టేశాను, సిగ్గేసి.
విశాఖలో నీట్‌కి చదువుతున్న అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక కౌన్సెలరైనా ఉండాలంది. మా కాలేజీలో బోర్డు ఉంది, గదికి తాళం ఉంది. లోపల క్యారమ్ బోర్డులు.

మూడో_బెంచీ:
నిన్న రాత్రి నాన్నకి చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఫీజు ఎంత, ఆఖరు తేదీ ఎప్పుడు" అన్నారు. పెట్టేశాక అమ్మ మళ్లీ చేసి తిన్నావా అని అడిగింది.
హాస్టల్ చారు అన్నా, ఆ స్టీమ్ టేబుల్స్ పుస్తకం ఇంకా నీ దగ్గరుందా?