గ్రాఫిక్స్ కార్డుల్లో 1080 టీఐలోనూ 3584 కోర్లే, 3060లోనూ 3584 కోర్లే. మరి రెండూ ఒకటేనా?

బ్రాడీపేట ఎడిటర్:
గుంటూరులో పెళ్లి వీడియోల ఎడిటింగ్ సిస్టమ్‌కి కార్డు మార్చాలండి. ఐ5-10400, బి460 బోర్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, 600 వీఏ యూపీఎస్. పని రిజాల్వ్ స్టూడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, టైటిల్స్‌కి అప్పుడప్పుడు 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్. ఫుటేజ్ ఎక్కువగా 4కే హెచ్.265, 10 బిట్, 4:2:2 (రంగుల వివరం మామూలు వీడియో కన్నా ఎక్కువుండే రకం). ఖాళీ దొరికితే 1080పీలో గేములు.

మూడు కార్డులు దొరుకుతున్నాయి: సెకండ్‌హ్యాండ్ జీటీఎక్స్ 1080 టీఐ 11 జీబీ, సెకండ్‌హ్యాండ్ ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, కొత్త ఆర్‌టీఎక్స్ 4060 8 జీబీ. మొదటి రెండింట్లో కోర్లు సరిగ్గా 3584. 4060లో 3072 మాత్రమే. బస్ (చిప్‌కీ కార్డు మెమరీకీ మధ్య దారి) చూస్తే 352 బిట్లు, 192, 128. కొత్తవి వచ్చేకొద్దీ తగ్గుతున్నాయేంటి? షాపువాళ్లు "బిట్లు ఎక్కువుంటేనే కార్డండీ" అని 1080 టీఐ అంటగట్టాలని చూస్తున్నారు.

పటమట సిలికాన్:
కోర్ల లెక్క ఒకే తరం కార్డుల మధ్యే పనికొస్తుంది. తరం మారితే కోర్ అంటే ఏంటన్నదే మారిపోతుంది. 2060, 3060 చూడండి. 2060లో 30 ఎస్‌ఎంలు (కోర్ల గుంపులు), ఒక్కోదాంట్లో 64 కోర్లు, మొత్తం 1920. 3060లో ఎస్‌ఎంలు 28కి తగ్గాయి, కానీ ఒక్కోదాంట్లో 128 కోర్లు రాసుకున్నారు, మొత్తం 3584. 2060 తరం ట్యూరింగ్‌లో పూర్ణాంకాల లెక్కలకే కేటాయించిన దారిని 3060 తరం ఆంపియర్‌లో దశాంశాల లెక్కలకూ వాడుకునేలా చేసి, దాన్నీ కోర్ల కిందే లెక్కేశారు. కోర్లు దాదాపు రెట్టింపయినా గేముల్లో పెరిగింది 20 శాతం అటూఇటూనే.

1080 టీఐ, 3060 అంకెలు కలవడం కాకతాళీయం. పాత గేముల్లో రెండూ పక్కపక్కనే నడుస్తాయి. బ్లెండర్‌లో మాత్రం 3060కి దరిదాపుల్లోకి కూడా 1080 టీఐ రాదు. దాంట్లో కాంతి లెక్కలు చేసే ఆర్‌టీ కోర్లు లేవు, ఏఐ లెక్కలు చేసే టెన్సర్ కోర్లు లేవు, కాబట్టి గేముల్లో ఏఐతో బొమ్మ పెంచే డీఎల్‌ఎస్‌ఎస్ కూడా లేదు.

ఇక బస్. అదొక్కటే చూసి లాభం లేదు. బిట్లను 8తో భాగించి మెమరీ వేగంతో గుణించండి. 1080 టీఐ: 352ని 8తో భాగిస్తే 44, దాన్ని 11 గిగాబిట్లతో గుణిస్తే సెకనుకు 484 జీబీ. 3060: 24 ఇంటూ 15, అంటే 360. 4060: 16 ఇంటూ 17, అంటే 272. అదే 128 బిట్ల మీద 5060లో 28 గిగాబిట్ల జీడీడీఆర్7 పెట్టేసరికి 448 అయింది. బిట్లు మారలేదు, బ్యాండ్‌విడ్త్ ఒకటిన్నర రెట్లు దాటింది.

4060 ఆ 272తోనే నెట్టుకురావడానికి కారణం ఎల్2 క్యాష్, అంటే చిప్‌లోనే ఉండే చిన్న మెమరీ. 3060లో 3 ఎంబీ ఉంటే దీంట్లో 24 ఎంబీ. పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఉంటే ప్రతి ఆవగింజకీ కొట్టుకి పరిగెత్తక్కర్లేదు కదా. కాకపోతే రిజల్యూషన్ పెరిగేకొద్దీ క్యాష్ చాలదు, అప్పుడు సన్నటి బస్ బయటపడుతుంది.

మీ బోర్డుతో ఇంకో మెలిక ఉంది. బి460లో కార్డు పెట్టే స్లాట్ పీసీఐఈ 3.0 మాత్రమే. 4060కి ఉన్నవి 8 లేన్లే, అంటే మీ దగ్గర సెకనుకు 8 జీబీకి కాస్త తక్కువ. 3060కి 16 లేన్లు, దానికి రెట్టింపు. 8 జీబీ వీర్యామ్ (కార్డు సొంత మెమరీ) నిండనంతవరకు తేడా తెలియదు. 4కే టైమ్‌లైన్ మీద నాయిస్ రిడక్షన్ వేస్తే నిండుతుంది, అప్పుడు ఈ ఇరుకు దారిలోంచి సిస్టమ్ ర్యామ్‌కి తిరగాలి.

బందరు రోడ్డు కోడెక్:
పై లెక్కలన్నీ కరెక్టే కానీ, ఈయన అసలు బాధ 4:2:2. 1080 టీఐ, 3060, 4060 మూడింట్లో ఏదీ హెచ్.265 4:2:2ని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయదు. 10400లో ఉన్న యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్ కూడా చేయదు. ఎన్విడియాలో అది 50 సిరీస్‌తోనే వచ్చింది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 11వ తరం నుంచి ఉంది. అందుకే ఈ మూడింట్లో ఏది కొన్నా టైమ్‌లైన్ అలాగే నత్తనడక నడుస్తుంది, భారమంతా ప్రాసెసర్ మీదే.

50 సిరీస్‌కి బడ్జెట్ లేకపోతే ప్రాక్సీలు (క్లిప్‌లకి తేలికైన నకళ్లు) చేసుకోండి. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ రిజల్యూషన్ సగం, ఫార్మాట్ డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ ఎల్‌బీ పెట్టి, మీడియా పూల్‌లో క్లిప్‌లన్నీ సెలెక్ట్ చేసి ప్రాక్సీ మీడియా జనరేట్ చేయమనండి. ఫైళ్లు పెద్దవే అవుతాయి, వేరే ఎస్‌ఎస్‌డీ మీదకి మళ్లించండి. ఎడిటింగ్ అంతా వాటి మీద, ఎక్స్‌పోర్ట్ ఒరిజినల్ నుంచి.

1080 టీఐకి నేనైతే దండం పెట్టేస్తా. దాని తరం పాస్కల్‌కి గేమ్ రెడీ డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆపేశారు, 2028 అక్టోబర్ వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే. ఎన్విడియా లెక్కల సాఫ్ట్‌వేర్ కుడా 13 కూడా పాస్కల్‌ని వదిలేసింది.

ఓల్టేజ్ వరప్రసాదు:
ఎవరూ యూపీఎస్ సంగతి ఎత్తలేదే. 600 వీఏ అంటే మామూలుగా 360 వాట్లు, వెనక లేబుల్ చూడండి. ఫుల్ లోడ్‌లో 1080 టీఐ 250, ప్రాసెసర్ 90, మిగతావన్నీ 50 వేసుకుంటే 390. ఎస్‌ఎంపీఎస్‌లో పోయేది కలిపితే గోడ దగ్గర 450 దాటుతుంది. కరెంటు పోయిన మరుక్షణం కుయ్‌మని ఆగిపోతుంది, రెండరూ పోతుంది. 3060 అయితే గోడ దగ్గర 365 దాకా, మానిటర్ కాకుండానే. అది కూడా గీత మీదే. 4060 ఒక్కటే 300 దగ్గర హాయిగా నడుస్తుంది.

3060 తీసుకుంటే యూపీఎస్ 1000 వీఏకి మార్చండి, లేదా ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి తగ్గించండి. 170 కాస్తా 136 అవుతుంది, వేగంలో పోయేది తక్కువే. పైగా రోహిణి కార్తెలో ఏసీ లేని గదికి అదే మేలు. మోలెక్స్ (పాత 4 పిన్ పవర్ ప్లగ్) నుంచి 8 పిన్ కన్వర్టర్లు షాపులో ఊరికే ఇచ్చినా పెట్టొద్దు, అవి కరుగుతాయి.

బ్రాడీపేట ఎడిటర్:
అందరికీ థాంక్సండి. ప్రస్తుతానికి 3060, ప్రాక్సీలు, పవర్ లిమిట్. షాపులో ఏం చెక్ చేయాలి?

పటమట సిలికాన్:
ముందు కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ తెరవండి. 12288 ఎంబీ, 192 బిట్లు, 360 జీబీ ఉండాలి. 3060 పేరుతోనే 8 జీబీ, 128 బిట్లది ఒకటుంది, దాని బ్యాండ్‌విడ్త్ 240 మాత్రమే, అది వద్దు. పేరు ముందు ఫేక్ అని కనిపిస్తే పాత చిప్‌కి బయోస్ మార్చి అమ్ముతున్నట్టే. బస్ ఇంటర్‌ఫేస్ పక్కన ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ నడిపితే మీ బోర్డు మీద 16 లేన్లు, 3.0 అని రావాలి. 8 వస్తే స్లాట్ తుడిచి మళ్లీ పెట్టించండి, అప్పటికీ 8 అంటే వదిలేయండి.

తర్వాత కార్డుని ఫుల్ లోడ్‌లో పెట్టే ఫర్‌మార్క్ 15 నిమిషాలు. కోర్ వేడికీ హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడి చోటు) వేడికీ మధ్య తేడా 20 డిగ్రీలు దాటితే థర్మల్ పేస్ట్ ఎండిపోయినట్టు, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. చివరగా ఓసీసీటీలో వీర్యామ్ టెస్ట్, మెమరీ 90 శాతం పెట్టి. ఒక్క ఎర్రర్ వచ్చినా బేరం లేదు, కార్డు వెనక్కి ఇచ్చేయండి.