అప్‌డేట్: మా పిల్లలు ఓపెన్ సోర్స్‌లో దిగారు (పర్లాకిమిడి, ఒడిశా)

సెమిస్టర్ మొదట్లో అడిగాను కదా, నాకే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచి, ఎవరైనా మార్పులు పంపగలిగే సాఫ్ట్‌వేర్) అనుభవం లేదు, మా డిగ్రీ కంప్యూటర్స్ పిల్లల్ని జనానికి పనికొచ్చే ప్రాజెక్టుల్లోకి ఎలా దించాలి అని. కోడ్‌తో మొదలెట్టొద్దు, ముందు మీరు చేసి చూడండి అన్నవాళ్ళకి దండం.

ఓపెన్ఎమ్ఆర్ఎస్ (ఆసుపత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్, 2004 నుంచి ఉంది) జావా భాషలో రాసిందే కదా తేలికే అనుకున్నా, కానీ ల్యాబ్ సిస్టమ్స్‌లో అది ఎక్కించి నడపడానికే రెండు వారాలు పోయాయి, పిల్లలు నీరసపడిపోయారు. అప్పుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కి (ఎవరైనా దిద్దగలిగే ప్రపంచ మ్యాప్) మారాం. 2010 హైతీ భూకంపమప్పుడు ఎక్కడెక్కడి వాలంటీర్లో శాటిలైట్ ఫోటోలు చూసి రోడ్లు గీశారే, ఆ మ్యాపే.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి, ఆ రోజులు మా పిల్లలందరికీ గుర్తే. ఒకమ్మాయి వాళ్ళ అమ్మమ్మ ఊరు మ్యాప్‌లో వెతికితే లేదు, అప్పటికప్పుడే ఆ ఊరికి ఫోన్ చేసి గూడేల పేర్లు ఒక్కోటీ అడిగి రాసుకుంది, తెలుగులో ఒకలా ఒడియాలో ఒకలా సవరల నోట ఇంకోలా ఉన్నాయి, మ్యాప్‌లో ఒక్కో భాషలో పేరుకీ వేరే ట్యాగు (పేరు రాసే గడి లాంటిది) ఉంటుందని తెలిసి తన మొహం వెలిగిపోయింది. నాకూ కళ్ళు చెమర్చాయి నిజంగా.

మార్కులు మాత్రం పిల్లలు పంపిన మార్పుని ప్రాజెక్టువాళ్ళు తీసుకున్నారా లేదా అని కాకుండా, వారం వారం రాసిన డైరీకి, వాళ్ళ నుంచి వచ్చిన కామెంట్లని బట్టి ఎలా సరిదిద్దారో దానికి ఇస్తున్నా. అవతలివాళ్ళ జవాబు మన పరీక్ష తేదీ చూసి రాదు కదా.

ఓపెన్ఎమ్ఆర్ఎస్ వదల్లేదు, ఇద్దరు డాక్యుమెంటేషన్‌లో తప్పులు దిద్దుతున్నారు.