సొంత సాగుకి, ఆపదలకి తట్టుకునేలా: కోవూరా, కనిగిరా?

రెండెకరాలు కొని అక్కడే ఇల్లు కట్టుకుని, కూరగాయలు, రెండు గేదెలతో బతకాలని మా ఆలోచన. తుఫానొచ్చి వారం కరెంటు లేకపోయినా గడవాలి. కోవూరు దగ్గర ఒకటి, కనిగిరి దగ్గర ఒకటి చూశాం, కనిగిరిది సగం ధరే. ఏది తీసుకోమంటారు?

జవాబు 1:
ధర చూసి తొందరపడకండన్నా. కనిగిరి వైపు చాలా ఊళ్ళలో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, కాచినా పోదు. మా పెద్దమ్మది ఆ పక్కే, మోకాళ్ళు వంగక గోడ పట్టుకుని లేస్తుంది, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. ముందు నీళ్ళు ల్యాబ్‌లో చూపించండి, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. వాన నీళ్ళకి మూత ఉన్న తొట్టి ఎలాగూ కట్టుకోండి.

జవాబు 2:
కోవూరు పొలం పెన్నకి ఎంత దూరం? 2021 నవంబరు వరదకి అక్కడ హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. మా ఇంట్లో గోడ మీద బురద గీత నా నడుం దాకా ఉంది, గాదెలో వడ్లు మొలకలొచ్చాయి. ఆ ఊరి ముసలివాళ్ళని అడిగి, నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చూసి, దానికంటే ఎత్తులో పునాది వేయండి. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కాబట్టి గడ్డివామి, కట్టెలు, కిరాణా సెప్టెంబరుకే సర్దేసుకోవాలి.

అడిగినవారు:
పెన్నకి కిలోమీటరే అండి. ఆదివారం వెళ్ళి ఊళ్ళో అడుగుతాను, కనిగిరి నీళ్ళూ సీసాలో పట్టుకొస్తాను.