జిటోనా, హాలండా? జట్టు కట్టడం ఎవరికి తెలుసు?

చలిపులి: 2024లో, 2025లో ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్ స్టాన్లీ కప్ ఫైనల్‌లో మన ఎడ్మంటన్‌ని ఓడించింది ఫ్లోరిడానే. మెక్‌డేవిడ్ లాంటి మేటి ఆటగాణ్ని పెట్టుకుని కూడా కప్పు మనకి రాలేదంటే తేడా జట్టు కట్టే జనరల్ మేనేజర్లలోనే: ఫ్లోరిడాకి జిటో, మనకి 2024 దాకా హాలండ్. 2021లో కరోలినా జట్టు వేవర్స్‌లో, అంటే వేరే జట్లు తీసుకోగల జాబితాలో, పెట్టిన డిఫెన్స్ ఆటగాడు ఫోర్స్‌లింగ్‌ని జిటో ఒక్క ఆటగాణ్ణీ వదులుకోకుండా ఎగరేసుకుపోయాడు. మన హాలండ్ గోలీ క్యాంప్‌బెల్‌కి ఐదేళ్లపాటు ఏటా 50 లక్షల డాలర్లు రాసిచ్చాడు. రెండేళ్లకే బయౌట్, అంటే కొంత డబ్బిచ్చి ఒప్పందం తెంచుకోవడం!

గోదారోడు_ఎడ్మంటన్: బార్కోవ్, ఎక్‌బ్లాడ్, బొబ్రోవ్‌స్కీ ముగ్గురూ 2020లో జిటో వచ్చేసరికే ఫ్లోరిడాలో ఉన్నారు. అంతకుముందు మేనేజర్ టాలన్ తెచ్చినోళ్లండీ. వండింది ఒకరు, వడ్డించింది ఇంకొకరు.

చలిపులి: మరి మెక్‌డేవిడ్‌నీ డ్రైసైటిల్‌నీ హాలండ్ తెచ్చాడా? జట్లు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్టుల్లో, 2015లో, 2014లో వచ్చినోళ్లు. ఆయనొచ్చింది 2019లో.

గోదారోడు_ఎడ్మంటన్: హైమన్‌ని తెచ్చింది ఆయనే. ఏటా 55 లక్షలకి. 2023-24లో 54 గోల్స్ కొట్టాడు. అయినా ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. జట్టు మొత్తం జీతాల పరిమితి, అదే క్యాప్, అందరికీ ఒకటే, చేతికొచ్చేది వేరు. ఏప్రిల్లో నా టాక్స్ కాగితం చూస్తే తెలుస్తుంది మీకు.

ఓరుగల్లు: ఫ్లోరిడాల పన్ను అప్పుడు గూడ లేదు గదా. 1996 తర్వాత 2022 దాక ఒక్క ప్లేఆఫ్ సిరీస్ గెల్వలె.

కాల్గరీ_కోడలు: మావాడికి మా కాల్గరీ ఆటగాడు టకాచుక్ 19 నంబరు జెర్సీ కొన్న రెండు నెలలకే అతణ్ణి ఫ్లోరిడాకి పంపేశారు. బదులు వచ్చిన హ్యూబర్డో ముందు ఏడాది గోల్స్, అసిస్టులు కలిపి 115 పాయింట్లు, ఇక్కడికొచ్చాక 55. జెర్సీ ఇంకా బీరువాలోనే ఉంది.

చలిపులి: మన కుర్రాళ్లు హోలోవే, బ్రోబర్గ్ సంగతో? సెయింట్ లూయిస్ జట్టు ఎక్కువ జీతంతో ఆఫర్ షీట్లు పెడితే, అంత ఇవ్వకుండా ఇద్దర్నీ వదిలేశారు. పరిహారంగా వచ్చింది డ్రాఫ్టులో ఒక రెండో రౌండ్ పిక్కు, ఒక మూడోది.

గోదారోడు_ఎడ్మంటన్: అది 2024 ఆగస్టు! అప్పటికే హాలండ్ వెళ్లిపోయాడు.

చలిపులి: క్యాప్‌లో ఊపిరాడకుండా చేసి వెళ్లిందెవరు?

గోదారోడు_ఎడ్మంటన్: మీకు అర్థం కాదులెండి. మా ఆఫీసులో నాలుగేళ్లు ఒక్కొక్కర్నీ ఇంటర్వ్యూ చేసి టీమ్ కట్టాను. సెలవు మీద అమలాపురం వెళ్లొచ్చేసరికి నా కుర్చీలో కొత్త మేనేజర్. ఆర్నెల్లకి అవార్డు. స్టేజీ మీద నా పేరు కూడా ఎత్తలేదు.

ఓరుగల్లు: గిప్పుడు తెల్సింది కథ.

చలిపులి: అంటే మీ బాధ టాలన్ కోసమన్నమాట, హాలండ్ కోసం కాదు. నేనూ అలా వచ్చిన మేనేజర్నేనండీ, వేరేచోట. చేరినరోజే ఇద్దరు రాజీనామా కాగితాలతో నిలబడ్డారు. అందరూ నన్ను చూసి ‘రెడీమేడ్ టీమ్ దొరికింది’ అన్నవాళ్లే.

గోదారోడు_ఎడ్మంటన్: ఆ ఇద్దరూ ఆగారా?

చలిపులి: ఒకరు.